కాలువగట్టు మీద వెడల్పు కారు

మా అక్క కువైట్ నుంచి ఇక తిరిగి వెళ్ళనని వచ్చేసిన ఏడాదే కారు కొంది. ఊళ్ళో అంతకుముందు కార్లు లేవని కాదు గానీ, అంత వెడల్పు కారు మా కాలువగట్టు రోడ్డు మీదికి రావడం అదే మొదలు. అది ఇంటికొచ్చిన రోజున కొత్తపేటలో మా ఇంటి ముందు గదిలో ఉన్న నా కుట్టు దుకాణం మూసేసి మరీ చూడడానికి వెళ్ళాను. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టాక అందరూ దాని రంగు గురించీ, ఎత్తు గురించీ మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం దాని వెడల్పు మీదే చూపు ఆగిపోయింది. ఎవరు ఎదురుపడినా భుజం ఎంత, నడుం ఎంత అని మనసులో కొలుచుకునే అలవాటు నాది. ఇన్నేళ్ళుగా జాకెట్లు కుట్టిన మనిషికి అది పోదు.

హడావిడి తగ్గాక సంచిలోంచి టేపు తీసి కొలిచాను. అక్క పక్కనే నిలబడి నవ్వింది. కారుతో ఇచ్చిన పుస్తకంలో వెడల్పు ఆరడుగులని ఉంది. నా టేపుకీ అంతే వచ్చింది. కానీ రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చిన అద్దాల్ని కూడా కలుపుకుంటే ఏడడుగులకి దగ్గర పడింది. అద్దాల్ని ఎందుకు లెక్కలో వెయ్యలేదో నాకు అర్థం కాలేదు. చేతులు వదిలేసి చొక్కా కొలతలు రాసుకున్నట్టుంది.

ఆ తరవాత కొన్నాళ్ళు నాకు అదే ధ్యాస. మా వీధి చివర పాకలో ఒక పాత గుండ్రటి టాక్సీ తుప్పు పట్టిపోయి ఉంది. నా చిన్నప్పుడు పెళ్ళివారంతా అందులోనే కూరుకుని వెళ్ళేవారు. దాని యజమానిని అడిగి ఒక మధ్యాహ్నం దాన్నీ కొలిచాను. బయటి కొలత అక్క కారు కన్నా బాగా తక్కువ. లోపల సీటు కొలత మాత్రం దాదాపు అంతే ఉంది. మరి పెరిగిన వెడల్పంతా ఎక్కడికి పోయింది? అక్క కారు తలుపు తెరిచి దాని మందం కొలిస్తే సమాధానం సగం దొరికింది. మిగతా సగం షోరూములో కారు అమ్మినతను చెప్పాడు. పక్కనుంచి ఏదైనా గుద్దితే లోపలున్న మనిషికి దెబ్బ తగలకుండా ఇప్పుడు తలుపుల్లో ఇనుప కడ్డీలు వేస్తున్నారట, గాలిసంచులు అమరుస్తున్నారట. పైగా పక్క మనిషి భుజం తగలకుండా సీట్ల మధ్య ఎడం ఉండాలని కొనేవాళ్ళు కోరుతున్నారట. కారు వెడల్పయితే ప్రాణానికి మంచిదేనండీ అన్నాడు. రోడ్డు సంగతి అడిగితే, అది మా చేతుల్లో లేదు కదండీ అన్నాడు.

మా చేతుల్లోనూ లేదు. మా ఊరి రోడ్డుకి ఒక పక్క కాలువ, రెండో పక్క పొలాలూ కొబ్బరితోటలూ. గట్టు ఎంత ఉంటే రోడ్డు అంత. ఊళ్ళోకి వచ్చే ముందు ఒక మలుపుంది. అక్కడ రెండో పక్కన ఒక రైతు ఇల్లు. ఊరంతా ఆయన్ని బాబాయ్ గారనే పిలుస్తుంది. అక్క కువైట్‌లో ఉన్న రోజుల్లో ఆయన ఇంటిచుట్టూ గోడ కట్టించి, గేటు పెట్టించి, గేటు ముందు నుంచి తారు దాకా సిమెంటు ర్యాంపు పోయించారు. అప్పటికి గట్టు మీద తిరిగేవి ఎక్కువగా సైకిళ్ళూ మోటారు సైకిళ్ళే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

కారొచ్చాక అక్కకి ఆ మలుపు గండమైపోయింది. వెళ్ళి అడిగింది. ర్యాంపు రోడ్డు మీదికొచ్చిందని అక్కా, నువ్వు ఇల్లంత కారు తెచ్చి నా గుమ్మాన్ని అంటావేమిటని ఆయనా అన్నారు. అక్క పంచాయతీలో అర్జీ పెట్టింది. సర్వేయరు వచ్చి కొలత గొలుసు లాగాడు. గోడ ఆయన స్థలంలోనే ఉందనీ, ర్యాంపు మాత్రం బయటికొచ్చిందనీ తేల్చి వెళ్ళిపోయాడు. గోడా కదల్లేదు, ర్యాంపూ కదల్లేదు. వీళ్ళిద్దరికీ మాత్రం మాటలు ఆగిపోయాయి.

తమాషా ఏమిటంటే, మరుసటేడు బాబాయ్ గారూ కారు కొన్నారు. అదీ అక్క కారంత వెడల్పుదే. పొలానికి సైకిలు మీద వెళ్ళే మనిషి, కొత్త పంచె కట్టుకోవడానికే ఆలోచించే మనిషి, ఆ వయసులో డ్రైవింగ్ నేర్చుకుని మరీ అంత కారు ఎందుకు కొన్నట్టు? అక్కని అడిగితే, నా మీద పంతానికి అంది. పంతానికి మనుషులు చాలా చేస్తారు గానీ, రోజు విడిచి రోజు తెల్లారకుండా కారు వేసుకుని ఎక్కడికో వెళ్ళి మధ్యాహ్నం అవుతుండగా తిరిగి రారు. అది కొత్తపేటలో ఉన్న నాకే తెలుసు, ఎందుకంటే ఆ కారు నా దుకాణం ముందు నుంచే వెళ్ళేది.

అసలు సంగతి జరిగింది కార్తీకమాసంలో. ద్రాక్షారామం వెళ్దామని అక్క చాలా రోజులుగా అంటోంది. ముందు రోజు సాయంత్రమే నేను వాళ్ళింటికి వెళ్ళి పడుకున్నాను. పొద్దున్నే బయల్దేరాలనుకున్నాం గానీ రాత్రి పడ్డ వానకి పెరట్లో పనులు తెమలక ఆలస్యమైంది. బుట్టలో పువ్వులూ, కొబ్బరికాయలూ, అమ్మవారికని నేను తెచ్చిన ఎర్ర జాకెట్టు గుడ్డా పెట్టుకుని బయల్దేరాం.

అక్క కారులో నాకొక ఉద్యోగం ఉండేది. కువైట్‌లో స్టీరింగ్ ఎడమవైపు ఉంటుందట. అక్క అక్కడే నేర్చుకుంది. ఇక్కడ కుడివైపు కూర్చుని నడిపేసరికి కారు ఎడమ అంచు ఎక్కడుందో దానికి ఎప్పుడూ అనుమానమే. అందుకని పక్క సీట్లో కూర్చున్న నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఇంకా చోటుంది, ఇక లేదు అని చెబుతూ ఉండాలి. ఊరు దాటుతుంటే మాకు ఎడమవైపు కాలువ. నీళ్ళు నిండుగా ఉన్నాయి.

మలుపులో గోడ అడ్డం కాబట్టి ఎదర ఏముందో కనపడదు. అక్క హారను కొట్టుకుంటూ నెమ్మదిగా తిప్పింది. తిప్పగానే ఎదురుగా బాబాయ్ గారి కారు. రెండూ ఆగాయి. ఎవరో ఒకరు వెనక్కి తియ్యాలి. అక్క వెనక్కి తియ్యలేదు. ఆయనా తియ్యలేదు. ఆయన గేటు అక్కడే, మరో కారు పొడవంత దూరంలో ఉంది. మేం కొంచెం పక్కకి ఒదిగితే ఆయన లోపలికి తిరిగిపోవచ్చు. అద్దాలు మడిచింది అక్క. ఆయన కూడా మడిచారు.

"ఎడమపక్క ఎంతుందే?" అంది అక్క.

నేను తల బయటపెట్టి చూశాను. జానెడు నేల ఉంది. ఉందని చెప్పాను. కింద మన్ను వానకి మెత్తబడిందన్నది పైనుంచి కనిపించే విషయం కాదు. అక్క కాస్త ఒరిగించింది. అదే సమయంలో ఆయనా ముందుకొచ్చారు. ఆయన ఎడమ చక్రం ర్యాంపు ఎక్కింది. ఒక పక్క ఎత్తయ్యేసరికి ఆ కారు మా వైపు వాలి, మా తలుపులకి మెత్తగా ఆనింది. సరిగ్గా అప్పుడే మా వెనక చక్రం మన్నులోకి కుంగింది.

ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. అక్క తలుపు ఆయన తలుపుని ఆనుకుని ఉంది. ఆయన ఎడమ తలుపు గేటు స్తంభానికి ఆనుకుని ఉంది. నా తలుపు తెరుచుకుంటుంది గానీ కాలు పెట్టడానికి కింద ఏమీ లేదు. గడ్డి, దాని కింద నీళ్ళు. ఆయన కదిపితే ఆ బరువంతా మమ్మల్ని కాలువలోకి తోస్తుంది. మేం కదిపితే మాకై మేమే పోతాం. ఇంజన్లు రెండూ ఆపేశారు.

వెనకాల ఒక ఆటో, రెండు మూడు మోటారు సైకిళ్ళూ ఆగాయి. పాలక్యాన్లు కట్టుకున్న ఒకతను వచ్చి వంగి చూసి, ముందు మీ బండిని తాడేసి పట్టాలండి, లేకపోతే కష్టమండి అని, ట్రాక్టరు కోసం బండి తిప్పుకుని వెళ్ళాడు. కోతల కాలం. ట్రాక్టర్లన్నీ చేలల్లో ఉన్నాయి. ఎప్పటికొస్తుందో తెలీదు.

ఏసీ ఆగిపోయింది కాబట్టి కిటికీలు దించక తప్పలేదు. అక్కకీ ఆయనకీ మధ్య మూరెడు దూరం. ఇద్దరూ తల తిప్పకుండా ఎవరి ముందు అద్దంలోకి వాళ్ళు చూస్తున్నారు. నాకు ఆ పరిస్థితి ఎంత విచిత్రంగా ఉందంటే భయపడడం కూడా మర్చిపోయాను. అన్నాళ్ళు ఒకరింటి ముందు నుంచి ఒకరు మొహం తిప్పుకుని వెళ్ళినవాళ్ళకి, ఊళ్ళో ఇంతకన్నా దగ్గరగా కూర్చునే చోటు మరొకటి లేదు.

అప్పుడు ఆయన వెనక సీట్లోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఏవండీ, ఇల్లొచ్చేసిందా?"

ఆయన వెనక్కి తిరిగారు. "వచ్చేసిందే. గేటు దగ్గరున్నాం. కాసేపు పడుకో."

నేను అక్క మీదుగా ముందుకి వంగి చూశాను. ఆయన భార్య వెనక సీటు పొడవునా పడుకుని ఉన్నారు. తల కింద దిండు, ఒంటి మీద దుప్పటి. నాకు తెలిసిన మనిషే. ఒకప్పుడు ఆవిడ జాకెట్లు నేనే కుట్టేదాన్ని. నిండైన చేతులావిడవి. దుప్పటి మీద ఉన్న చెయ్యి చూస్తే పాత కొలతలో సగం కూడా లేదు. మణికట్టు పైన పెద్ద దూది కట్టు ఉంది.

అక్క ఆ కట్టు చూసింది. చూసి, అంతదాకా పట్టుకుని ఉన్న స్టీరింగ్ వదిలేసింది.

"పిన్ని గారికి ఎప్పట్నించండీ?"

ఆయన వెనక్కి చెయ్యి చాపి ఆవిడ దుప్పటి సర్దారు. తరవాత, "రెండో ఏడమ్మా. కిడ్నీలు పోయాయన్నారు. రోజు విడిచి రోజు డయాలసిస్‌కి అమలాపురం తీసికెళ్తన్నాను. అద్దె కార్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చోలేకపోయేది. పడుకుని వస్తాది కదా అని ఇది కొన్నాను" అన్నారు.

నాకు ఆ కారు గురించి ఉన్న అనుమానం అలా తీరింది. ఊళ్ళో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు. అక్కకి చెప్పడానికి మాత్రం ఎవరూ రాలేదు, ఆయన మాట ఎత్తితేనే అక్క లేచి వెళ్ళిపోయేది కాబట్టి.

ఆవిడ దాహమని అడిగారు. ఇప్పుడు నీళ్ళు తాగకూడదే అని ఆయన బతిమాలారు. అక్క బుట్ట ఇమ్మని నా వైపు చెయ్యి చాపింది. అమ్మవారికని తెచ్చిన జాకెట్టు గుడ్డ తీసి, సీసాలో నీళ్ళతో తడిపి పిండింది. ఆయన బొత్తాం నొక్కి వెనక అద్దం దించారు. అక్క కిటికీలోంచి భుజం దాకా బయటికొచ్చి, ముందుకి వంగి ఆ తడిగుడ్డ అందించింది. ఆవిడ దాన్ని పెదాలకి అద్దుకుని, మొహం తుడుచుకుని, ఎవరమ్మా అని అడిగారు. అక్క తన పేరు చెప్పింది. "నువ్వా తల్లీ. ఎప్పుడొచ్చేవు కువైట్ నుంచి?" అన్నారావిడ. అక్క వచ్చి అప్పటికి చాలాకాలమైంది. ఈమధ్యేనండి అంది.

తరవాత అక్క ఆయనకి చెప్పిన సంగతి నేనూ అదే మొదటిసారి వినడం. కువైట్‌లో అక్క పనిచేసిన ఇంట్లో ముసలావిడకీ ఇదే జబ్బట. ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికే ఆ ఇంటివాళ్ళు అక్కకి డ్రైవింగ్ నేర్పించారట. పెద్ద కారు, వెనక ఆవిడ పడుకుని ఉండేది, ఎడారి రోడ్డు మీద రానూ పోనూ అక్కే నడిపేది. ఆవిడ పోయేదాకా అదే పని. "అంత బండే అలవాటైపోయిందండి నాకు. చిన్నదాంట్లో కూర్చుంటే గోడలు మీద పడతన్నట్టు ఉంటాది" అంది. డాబు కోసం కొందనే అనుకునేదాన్ని నేను. ఇన్నాళ్ళూ కారుని కొలిచాను గానీ, ఈ కారే ఎందుకని అక్కని అడగలేదు.

మాటల్లో ర్యాంపు సంగతీ వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, ఆయన చక్రం దాని మీదే ఉంది.

"ఆ రోజు కాగితం పెట్టకుండా గుమ్మంలోకొచ్చి అడిగుంటే తీయించేద్దునమ్మా" అన్నారాయన.

"గుమ్మంలోకొచ్చే అడిగేనండి. నా కారు ఎక్కువైందన్నారు మీరు."

ఆయన తల ఊపారు. "ఆయ్. అన్నానండి" అన్నారు.

అంతే. ఎవరూ క్షమాపణలు చెప్పుకోలేదు. ఆయన అక్క కూతుళ్ళ గురించి అడిగారు. అక్క ఆయన కొబ్బరికి తెల్లదోమ తగ్గిందా అని అడిగింది. నేను నా కిటికీలోంచి కాలువ నీళ్ళ వైపు చూడకుండా ఉండడానికి వీళ్ళ మాటలే వింటూ కూర్చున్నాను.

ట్రాక్టరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెనకనుంచి మా కారుకి గొలుసు వేసి, ముందు బిగించి పట్టుకున్నారు. ఆ తరవాత పదిమంది కలిసి బాబాయ్ గారి కారుని గేటు వైపు తోసి పట్టుకుంటే, ట్రాక్టరు మమ్మల్ని వెనక్కి లాగింది. కుంగిన చక్రం పైకొచ్చేటప్పుడు కారు ఒక్కసారి కాలువ వైపు ఒరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి తారు మీద ఉన్నాం. మా కుడి తలుపుల పొడవునా గీత పడింది. వాళ్ళ అద్దం ఊడి వేళ్ళాడుతోంది. దాని గురించి అక్కా అడగలేదు, ఆయనా అడగలేదు.

అక్క కారు దిగి నేరుగా వాళ్ళ గేటు దగ్గరికి వెళ్ళింది. ఈలోగా ఆయన కారు లోపలికి తిప్పుకున్నారు. పిన్ని గారిని దింపడానికి ఇద్దరు ఆడవాళ్ళు చేతులు పట్టుకోబోతే, కట్టున్న చెయ్యి పట్టుకోవద్దని అక్క వారించి, రెండో పక్కనుంచి నడుం చుట్టూ చెయ్యి వేసి లేపింది. ఇద్దరూ అలా ఒకరినొకరు ఆనుకుని మెట్లెక్కి లోపలికి వెళ్ళారు. మేం ద్రాక్షారామం వెళ్ళలేదు ఆ రోజు. సాయంత్రం దాకా అక్క ఆ ఇంట్లోనే ఉంది. ఆవిడకి జావ కాచింది. నేను వరండాలో కూర్చుని, వదులైపోయిన ఆవిడ జాకెట్లు నాలుగింటిని చేతిసూదితో బిగించి ఇచ్చాను.

నెల తిరక్కుండా బాబాయ్ గారు ర్యాంపు పగలగొట్టించారు. గేటు స్తంభం కూడా ఒకటి లోపలికి జరిపించారు. గోడ మాత్రం అలాగే ఉంది. అది నా స్థలమమ్మా అంటారు ఇప్పటికీ. ఆ మాట నిజమే కాబట్టి అక్క ఏమీ అనదు. అక్క కూడా కారు మార్చలేదు. వాళ్ళిద్దరూ వేరే పద్ధతి పెట్టుకున్నారు. అక్క బయల్దేరే ముందు ఆయనకి ఫోను చేస్తుంది. ఆయన కొత్తపేట దాటగానే అక్కకి ఫోను చేస్తారు. ఒకరు గట్టు ఎక్కితే రెండోవారు ఆగుతారు. ఈ సంగతి తెలిసి ఊళ్ళో మిగతా కార్లవాళ్ళు కూడా, ఎవరైనా వస్తన్నారాండీ అని అక్కకే ఫోను చేస్తున్నారు. వంట చేసుకుంటూ చెప్పలేక చస్తున్నాననీ విసుక్కుంటుంది, అడక్కుండా ఎవరైనా వచ్చేస్తే కోపం తెచ్చుకుంటుంది.

ఆయనకి కంటి శుక్లం తీసినప్పుడు పిన్ని గారిని అమలాపురం తీసుకెళ్ళింది అక్కే. ఆ రోజుల్లో ఒకసారి నేనూ వెళ్ళాను. వెనక సీట్లో ఆవిడ పాదాల దగ్గర మిగిలిన చోటులో ఒదిగి కూర్చున్నాను. ఆవిడ పాదాలు నా ఒళ్ళో పెట్టుకున్నారు. రావులపాలెం వైపు నుంచి వచ్చే లారీలు పక్కనుంచి దూసుకుపోతుంటే ఆ మందపాటి తలుపుకి ఆనుకుని, షోరూములో అతను చెప్పింది గుర్తు చేసుకున్నాను. లోపల ఉన్నప్పుడు కారు వెడల్పు మనిషికి ఒకలా ఉంటుంది, ఎదురుగా నిలబడి చూసినప్పుడు ఇంకోలా ఉంటుంది. రెండూ నిజమే. ఈ రెంటికీ సరిపోయే రోడ్డు ఎవరు కుడతారో నాకింకా తెలీదు.

కిందటి వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసినప్పుడు పంచాయతీవాళ్ళు ఆ మలుపు దగ్గర గట్టు కింద రాళ్ళు పేర్చి, మన్ను పోయించి, ఒక కారు పక్కకి తప్పుకునేంత చోటు చేశారు. అక్క పట్టుబట్టి చేయించింది. సంతకాలు తిరిగి పట్టింది బాబాయ్ గారు. అందరం సంతోషించాం. మొన్న సార్వా వరి కోతలప్పుడు వెళ్ళి చూస్తే ఆ చోటంతా, పక్కన తారు మీదికి కూడా, ధాన్యం ఆరబోసి ఉంది. ఊళ్ళో అంత చదునైన నేల, అంత ఎండ పడే చోటు మరొకటి లేదని అందరికీ ఒక్కసారే తోచినట్టుంది. ఒక పెద్దావిడ చుట్ట కాల్చుకుంటూ కోళ్ళని తోలుతోంది. అక్క కారు ఆపి, దిగి, కాసేపు ఆవిడతో మాట్లాడి వెనక్కి వచ్చింది.

"ఏమందే?" అన్నాను.

"ఎల్లుండికి ఎత్తేస్తాదట" అంది అక్క, కారు వెనక్కి తీస్తూ.